మొదటి పదిహేను డిగ్రీలు

పళ్ళు పీకడం నేర్చుకుందామని చేరిన కాలేజీలో మొదటి ఏడాదంతా పళ్ళ ఊసు తక్కువ. మా అనాటమీ మాస్టారు ఎక్కడో మెడికల్ కాలేజీలో రిటైరై మా డెంటల్ కాలేజీకి వచ్చిన మనిషి. మాకు తలా మెడా ముఖ్యమనీ, మిగతా ఒళ్ళు పైపైన చాలనీ సిలబస్‌లో రాసి ఉంది. ఆయనకది అవమానంగా తోచింది. "మీ దగ్గరికొచ్చే రోగి ఒట్టి తలకాయ చేత్తో పట్టుకుని వస్తాడా?" అని హిందీలో అడిగి, భుజం దగ్గర మొదలుపెట్టి అరికాలు దాకా ఎముకెముకా కండకండా చెప్పారు. అందువల్ల నాకు ఇప్పటికీ అరికాలి కండరాల పేర్లు వచ్చు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఒక్కరూ అడగలేదు.

అది తొంభైల చివర. మేం ఉత్తరాదిన ఒక ఉక్కు ప్లాంటు ఊళ్ళో, బర్మామైన్స్ అనే పేటలో ఉండేవాళ్ళం. సీనియర్ దగ్గర తీసుకున్న ఎముకల పెట్టె నేను ఇంటికి తెచ్చిన రోజు అమ్మ గోల చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. పెట్టె మూత తీసి కాసేపు చూసి, "ఎవురిదో ఏటో పాపం. మంచం కిందెట్టకు, కాళ్ళు తగుల్తాయి" అంది. దాన్ని బీరువా మీద పెట్టాం. ఇంట్లో బతికున్న వాళ్ళెవరికీ అంత ఎత్తున చోటు లేదు.

నాన్న ప్లాంటులో ఖలాసీ. అంటే క్రేను ఎత్తాల్సిన బరువులకు వైరు తాళ్ళు కట్టడం, పైన ఇనప దూలాల మీద నడిచి వాటిని సరైన చోట దింపించడం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మావాళ్ళు చాలామంది చేసే పనే. ఎత్తు మీద పని చెయ్యాలంటే ఒక పాసు ఉండాలి. దాన్ని హైట్ పాస్ అనేవారు. ఏడాదికోసారి డాక్టరు చూసి రాయాలి. ఆ పాసు ఉన్నవాడు ఖలాసీ. లేనివాడు కింద నిలబడి పైకి చూసేవాడు. ఈ రెండు జాతుల మధ్య ఉన్న తేడా గురించి నాన్న భోజనాల దగ్గర చాలాసార్లు చెప్పారు.

కాలేజీలో శవం చుట్టూ నాకన్నా పొడుగువాళ్ళే నిలబడేవారు. వాళ్ళ భుజాల సందుల్లోంచి నేను చదివిన శరీరశాస్త్రం చాలావరకు వాళ్ళ భుజాలే. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్నను వరండాలో స్టూలు మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పించి, స్కెచ్ పెన్నుతో వీపు మీద రెక్క ఎముక అంచులు గీయడం మొదలుపెట్టాను.

"ఏటే, నన్ను మ్యాపు సేసేత్తన్నావా?"

"చుప్ బైఠో నాన్నా. జిల్లాలు గీస్తున్నాను."

"మన జిల్లా ఎక్కడొచ్చిందో సెప్పు. అక్కడ దురదెడతంది."

గీతలయ్యాక కుడిచెయ్యి పక్కకి ఎత్తమన్నాను. ఎత్తే ముందు ఆయన నడుం దగ్గర కొంచెం కుడివైపుకి వాలారు. చెయ్యి గోడకి కొట్టిన మేకునుంచి చొక్కా వేలాడినట్టు ఒంటికి దూరంగా వేలాడింది. అప్పుడది మామూలుగా పైకి లేచింది.

"వాలకుండా ఎత్తు."

"వాల్నేదే."

"వాలావు."

రెండు చేతులతో ఆయన నడుం పట్టుకుని నిటారుగా కూర్చోబెట్టాను. ఇప్పుడెత్తమన్నాను. చెయ్యి తొడ పక్కనే ఉండిపోయింది. వేళ్ళు మాత్రం కదిలాయి. పదిమందిలో నమస్కారం పెట్టమంటే మొండికేసిన పిల్లాణ్ణి చూసినట్టు నాన్న ఆ చేతివంక చూశారు.

నాకు మొదట కలిగింది సంతోషం. ఇది చెప్పుకోవడానికి బాగుండదు గాని, అదే నిజం. చెయ్యి పక్కకి లేవడంలో మొదటి పదిహేను డిగ్రీలు సుప్రాస్పైనేటస్ అనే చిన్న కండరం లేపుతుందనీ, అక్కణ్ణించి భుజం మీద ఉండే పెద్ద కండరం అందుకుంటుందనీ, ఆ చిన్నది తెగిపోతే రోగి పక్కకి వాలి చేతిని విసురుకుంటాడనీ ఆ వారమే మాస్టారు చెప్పారు. క్లాసులో ఎవరూ చూడని కేసు మా వరండాలో కూర్చుని ఉంది.

"నాన్నా, నీ సుప్రాస్పైనేటస్ పోయింది."

"ఏటి పోయింది?"

"కండరం. భుజంలోది."

"అదొకటున్నట్టే నాకెవుడూ సెప్నేదు. పోతే పోయింది."

ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన చొక్కా తొడుక్కున్నారు. కుడిచేతిని ముందు చొక్కా చేతిలోకి దూర్చి, ఎడం చేత్తో పైకి లాక్కున్నారు. ఏడాదిగా అలాగే తొడుక్కుంటున్నారని నాకు అప్పుడు తట్టింది. గొలుసు లాగుతుండగా ఒకసారి భుజంలో ఏదో 'టప్'మందనీ, బామ్ రాసుకుంటున్నాననీ మెల్లగా చెప్పారు.

"మీ యమ్మకి సెప్పకు. వొచ్చే నెల్లో పాసు టెస్టుంది."

"పోయినసారి ఎలా రాశాడు మరి?"

"పాత డాట్టరు ఒక్కో సెయ్యి ఎత్తమనీవోడు. ఇప్పుడొచ్చినోడు రెండూ ఒకేపాలి ఎత్తమంతన్నాడంట."

రెండు చేతులూ ఒక్కసారి ఎత్తాలంటే ఎటూ వాలడానికి లేదు. ఆయన దాని గురించి కొన్నాళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నారని అర్థమైంది. ఆసుపత్రికి వెళ్దాం అన్నాను. ఒకసారి తెలుగులో, ఒకసారి హిందీలో అన్నాను. అంతకుమించి అనలేదు.

"ఆపరేసనంటారు. ఆర్నెల్లు కింద కూకోబెడతారు. ఆనక మరి ఎక్కనివ్వరు. కింద కూకుని ఏటి సెయ్యమంతావు, నట్లకి నూని రాయమంతావా?" నా వైపు చూడకుండా, "నువ్వు సదువుతన్నావు గదమ్మా. దారేదో సూడు" అన్నారు.

నాన్న నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. అప్పటిదాకా అడిగేదాన్ని నేనే. పుస్తకం తీశాను.

దారి దొరికింది. చెయ్యి పక్కనుంచి కాకుండా ముందునుంచి లేస్తే ఆ చిన్న కండరంతో అంత పని పడదు. రెండు చేతులూ దండం పెట్టబోతున్నట్టు ముందుకి తెచ్చి, ఆగకుండా పైకెత్తి, అక్కణ్ణించి పక్కలకి తెరవాలి. వేగంగా చేస్తే పక్కనుంచే ఎత్తినట్టు కనిపిస్తుంది. డాక్టరు మళ్ళీ చెయ్యమంటే, మళ్ళీ అంతే ఉత్సాహంగా చెయ్యాలి. మూడు వారాలు రోజూ డ్యూటీ దిగొచ్చాక వరండాలో నేర్పించాను. నేను చెప్పినట్టు విన్న మొదటి రోగి ఆయనే. ఆఖరివాడు కూడా అనుకుంటాను.

పక్క క్వార్టర్లో ఉండే మామ గోడ మీంచి చూసేవాడు. నాన్న జట్టులోనే ఖలాసీ. చుట్టరికం పిలుపుకే గాని, ఒకే ఊరివాళ్ళు.

"ఏటి బావా, ఈ వయసులో డ్రిల్లేటి? పటాలంలో సేరిపోతన్నావా?"

"డాట్టరమ్మ సెయ్యమందిరా. గేసుకి మంచిదంట."

"గేసుకా? అయితే పొద్దున్నే సెయ్యి బావా. నీ పక్కన పని సేసీది నేను."

నాన్న పాసయ్యారు. ఇంటికి జిలేబీ తెచ్చారు. ఎందుకో అమ్మకి తెలియదు కాబట్టి వేడిగా ఉన్నాయని తెచ్చానన్నారు. నాకొకటి అందిస్తూ, "డాట్టరు కుర్రోడే. 'వెరీ గుడ్' అన్నాడు" అని మెల్లగా చెప్పారు. నా మొదటి ఏడాది మొత్తంలో నాకు వచ్చిన 'వెరీ గుడ్' అదొక్కటే.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. పరీక్షల కోసం భుజం పాఠం మళ్ళీ తీస్తే, ఆ చిన్న కండరానికి రెండో పని ఒకటి రాసి ఉంది. చెయ్యి పైన ఉన్నప్పుడు ఎముక గుండుని దాని గూట్లో కదలకుండా పట్టి ఉంచడం. పరీక్షలో అడగరని మొదటిసారి నేను దాన్ని దాటేశాను. ఎత్తించడం నేర్పాను. ఎత్తిన చెయ్యి బరువుతో అక్కడే ఆగేలా చెయ్యడం పుస్తకంలో లేదు, నా చేతిలోనూ లేదు. నాన్న డ్యూటీకి వెళ్ళే ప్రతిరోజూ ఈ మాట చెబుదామనుకునేదాన్ని. ఆయన హెల్మెట్ పెట్టుకుని, ఎడంచేత్తో సైకిలు తోసుకుంటూ, పదేళ్ళు తగ్గినట్టు వెళ్ళేవారు. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని.

ఒక పగటి డ్యూటీలో, మరమ్మతుల కోసం మిల్లు ఆపి ఉన్నప్పుడు, పై దూలం మీద నిలబడి నాన్న తన తల కన్నా ఎత్తులో షాకిల్ తగిలిస్తున్నారు. షాకిలంటే వైరుతాడుని కొక్కేనికి కలిపే ఇనప కడియం, రెండు గుమ్మడికాయల బరువుంటుంది. ఆయన చెయ్యి సగంలో వదిలేసింది. కింద మామ ఉన్నాడు. షాకిల్ హెల్మెట్ అంచుని రాసుకుని ఎడం భుజం మీద పడింది. కాలర్ బోన్ విరిగింది. అంగుళం అటు పడి ఉంటే ఇది రాసేదాన్ని కాదు.

మూడోరోజు మామని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపారు. వీపు వెనక ఎనిమిది అంకెలా పట్టీ కట్టి, భుజాలు వెనక్కి లాగి ఉంచారు. జీవితంలో మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు. నాన్నా నేనూ వెళ్ళాం. అత్త టీ పెట్టిచ్చింది. నాన్న గ్లాసు ముట్టుకోలేదు.

"ఒరే, నా సెయ్యి పాడైపోనాది. ఏడాదై లెగట్నేదు. డాట్టర్ని మోసం సేసి పాసు రాయించుకున్నాను." ఎవరు నేర్పారో చెప్పలేదు. నావైపు చూడను కూడా లేదు.

మామ తన గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "నాకు తెల్దేటి బావా" అన్నాడు. "నువ్వు పక్కకి వాలిపోడం నేను సూడ్నేదనుకున్నావా? అందుకే గదా నీ కిందన ఇంకెవుణ్ణీ నిలబడనివ్వట్నేదు. నువ్వొదిలేత్తే నేనైతే తప్పుకుంతాననుకున్నాను." నవ్వబోయి, నొప్పికి ఆగాడు. "తప్పుకోనేకపోయాను."

నాన్న తల దించుకుని ఏడ్చారు. ఆయన కుడి భుజం ఎడమదాని కన్నా తక్కువ కదిలింది. ఇలాంటివి గమనించే చదువు చదువుతున్నాను కాబట్టి గమనించాను. నేనే నేర్పాను మామా అన్న మాట గొంతుదాకా వచ్చింది. గొంతులో ఏమేం ఉంటాయో కూడా అప్పటికి చదివేశాను. టీ తాగాను.

మర్నాడు నాన్న తనంతట తనే వెళ్ళి పాసు అప్పగించారు. ప్లాంటువాళ్ళు ఆయన్ని పనిముట్ల గదిలో వేశారు. తిట్టలేదు, మెచ్చుకోలేదు. నాన్న భోజనాల దగ్గర ప్లాంటు సంగతులు చెప్పడం మానేశారు. నేను పెన్ను పట్టుకుంటే వరండాలోంచి లేచి లోపలికి వెళ్ళేవారు.

ఆ వారమే నాకు వైవా. మాస్టారు కాలర్ బోన్ చేతిలో పెట్టి, ఇది ఎక్కువగా ఎక్కడ విరుగుతుంది, విరిగితే ఏ ముక్క ఎటు పోతుంది అని అడిగారు. చెప్పాను. లోపలి ముక్కని మెడకండరం ఎలా పైకి లాగుతుందో, చేతి బరువుకి భుజం ఎలా కిందకి జారుతుందో వేలు పెట్టి చూపించాను. బాగా చదివావన్నారు.

మామ ఎముక అతికింది గాని, కొంచెం ఒకదానిమీదొకటి ఎక్కి, చర్మం కింద బొడిపెలా మిగిలింది. ఎడం భుజం ఓ వేలెడు తగ్గింది. నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా చొక్కా కాలరు పక్కకి లాగి, నా వేలు పట్టుకుని ఆ బొడిపె మీద పెట్టించేవాడు.

"డాట్టరమ్మా, సరీగ్గా అతికిందేటి సూడు. నువ్వు సెప్తే నమ్ముతాను."

బాగా అతికింది మామా అనే చెప్పాను, అడిగిన ప్రతిసారీ.