లేవనివాడికి జోలపాట

నెవెన నోటికి ఆ గదిలో అందరూ జడిసేవారు. ప్లోవ్‌దివ్ నగరంలో, పాత పొగాకు గోదాముని బాగుచేసుకుని నడుపుతున్న చిన్న కంపెనీ అది. కొండల మీద మేసే గొర్రెల మెడకి కట్టే పట్టీలు అక్కడ తయారవుతాయి. మంద ఎక్కడుందో కాపరి తన ఫోన్లో చూసుకుంటాడు. పట్టీలో ఉన్న చిప్‌ని లేపి, పని చేయించి, మళ్ళీ పడుకోబెట్టే కోడ్ నెవెన చేతిమీదుగా పోవలసిందే. వేసవిలో కట్టిన పట్టీ మంచు పడేదాకా పనిచెయ్యాలంటే చిప్ పనున్నంతసేపే మేలుకోవాలి, తక్కిన కాలమంతా మొద్దునిద్ర పోవాలి. ఈ విద్యలో తనని మించినవాళ్ళు లేరని నెవెన నమ్మకం. గదిలో ఉన్నవాళ్ళూ అలాగే నమ్మేవారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మనిషి చెడ్డది కాదు. వయసులో ఉన్నప్పుడు అప్పటి కంప్యూటర్ల కర్మాగారంలో చేరితే, అక్కడి మగవాళ్ళు ఆమె వేసిన ప్రతి ప్రశ్నకీ నవ్వేవారు. ఆ నవ్వు ఎంత మంటపెడుతుందో ఆమెకి తెలియాలి. తెలిసి కూడా, పాపం, వాళ్ళ దగ్గర ఆ నవ్వే నేర్చుకుంది.

ఆ ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి తప్పు వల్ల పని చెడితే వాళ్ళు మర్నాడు అందరికీ బనిత్స తేవాలి. పల్చటి పిండి పొరల మధ్య తెల్ల చీజూ గుడ్లూ పెట్టి ఇంట్లో కాల్చి తేవాలి తప్ప, బజారుది తెస్తే ఒప్పుకోరు. ఇన్నేళ్ళలో నెవెన ఒక్కసారీ తేలేదు. పైగా తెచ్చినవాళ్ళ బనిత్సలో చీజ్ చాలలేదని వంకలు పెట్టేది.

ఆ వసంతంలో వెల్కో తను రాసిన కోడ్‌ని గోడమీది తెర మీద వేసి అందరికీ చూపించాడు. రొదొపి కొండల్లో పుట్టినవాడు, నెమ్మదస్తుడు. నెవెన ఒకచోట వేలు పెట్టింది.

"ఇదేంటి నాయనా ఇక్కడ?"

"చిప్ లేవకపోతే వెనక్కొచ్చేసే దారి అక్కా. వచ్చే ముందు, అది పడుకోవడానికి, పిలుపుల లెక్కలోంచి ఒకటి తగ్గిస్తున్నా."

"అది లేవనే లేదుగా! లేవనివాడికి జోలపాట పాడతావా?"

గది గొల్లుమంది. యజమాని క్రసిమిర్ అయితే కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. వెల్కో ఏదో చెప్పబోయాడు. ఎవరో లాలి రాగం తీశారు, మళ్ళీ నవ్వులు. అతను ఆ వాక్యాన్ని అక్కడికక్కడే తీసేశాడు.

ఆ వాక్యం ఉండవలసిందే. చిప్‌ని లెమ్మని అడగగానే పిలుపుల లెక్కలో ఒకటి పెరుగుతుంది. అది లేచిందా లేదా అన్నది తర్వాతి మాట. లెక్క మళ్ళీ సున్నాకి వస్తేనే చిప్ నిద్రపోతుంది. లేవకపోయినా సరే, పెరిగిన ఆ ఒకటిని తగ్గించకుండా వచ్చేస్తే, తర్వాత ఎప్పుడో లేచిన చిప్ ఇక పడుకోదు. మేలుకునే ఉండి బ్యాటరీని పీల్చేస్తుంది. ఇది నెవెనకి తెలియదా? శుభ్రంగా తెలుసు. ఆ పూట నలుగురినీ నవ్వించే సరదాలో పడి ఆలోచించలేదు.

వెచ్చటి ఆఫీసులో బల్లమీద చిప్ పిలిచినప్పుడల్లా లేచింది. ఆ శరత్తులో కొండమీద చలి ముందే దిగింది. ఆ చలిలో బ్యాటరీ నీరసించి, చిప్ మొదటి పిలుపుకి లేవలేదు. రెండో పిలుపుకి లేచింది, ఇక నిద్రపోలేదు. పట్టీలు ఒకదాని వెంట ఒకటి చచ్చిపోయాయి. మించో అనే కాపరి మంద పొగమంచులో దారి తప్పింది. అతను ఫోన్లో మిగిలిపోయిన పాత ఆనవాలు చూసుకుంటూ మంద లేని వైపు వెతికాడు. గొర్రెలు రెండో వైపు లోయలో పడిపోయాయి.

ఆ కబురు ఫోన్లో రాగానే నెవెన ఒక పట్టీని ఆఫీసు ఫ్రిజ్‌లో, ఎవరిదో సాసేజ్ పక్కన, గడ్డకట్టే అరలో పెట్టి చూసింది. మధ్యాహ్నానికి సంగతి బోధపడింది. నోరు విప్పేలోపే మించో వచ్చేశాడు. సంచీలోని పట్టీలను బల్లమీద కుమ్మరించాడు. వాటికి ఇంకా ఉన్ని అంటుకునే ఉంది.

"ఇది రాసిందెవరు?"

క్రసిమిర్ వెల్కో వైపు చూశాడు. కోడ్ మీద అతని పేరే ఉంది మరి.

"నేనే బాబాయ్," అన్నాడు వెల్కో.

"నువ్వు మా వైపువాడివేనటగా. మా కొండ చలి ఎలా ఉంటుందో నీకు తెలీదట్రా?"

"తెలుసు బాబాయ్."

నెవెన ఆ పక్క కుర్చీలోనే ఉంది. నేను తీయించాను అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. మించో మెట్లు దిగిపోయేదాకా తల ఎత్తలేదు.

మర్నాడు వెల్కో బనిత్స తెచ్చాడు. నెవెన కూడా ఒక ముక్క తీసుకుంది. చీజ్ దండిగా ఉంది, వంక పెట్టడానికేమీ లేదు. ఆ ముక్క ఆమె నోట్లో ఉండగానే క్రసిమిర్ అన్నాడు:

"వెల్కో, ఇక కోడ్ జోలికి రాకు. కింద పట్టీలు పెట్టెలకెత్తే పని చూసుకో."

వెల్కో సరేనని తలాడించాడు. నెవెన చేతిలో మిగిలిన ముక్కని బల్లమీద పెట్టేసింది. తన మీద తనకే రోత పుట్టింది.

"ఆ వాక్యం వెల్కో రాశాడు. నేను తీయించాను," అంది.

"ఎప్పుడు? నాకు గుర్తులేదే!" అన్నాడు క్రసిమిర్.

"జోలపాట అన్నాను. నువ్వు కళ్ళు తుడుచుకుని నవ్వావు."

క్రసిమిర్ తల దించుకుని, వెల్కో కోడ్ పని వెల్కోకే ఉంటుందని గొణిగి లేచిపోయాడు. నెవెన వెల్కో దగ్గరికి వెళ్ళింది.

"నిజం నీకు తెలుసు కదరా. నిన్న ఆ పెద్దాయన ముందు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పనక్కా? నీ మాట నమ్మి తీశానా? అందరూ నవ్వుతుంటే తల కొట్టేసినట్టయి తీశాను. మించో బాబాయి గొర్రెల కంటే నా పరువే నాకు ఎక్కువైంది."

ఆ ఆదివారం నెవెన తన చేత్తో బనిత్స చేసింది. అలవాటు లేని చెయ్యి కావడంతో అడుగు మాడింది. అలాగే గుడ్డలో చుట్టి బస్సెక్కి మించో ఊరికి వెళ్ళింది. గడపలోనే నిలబడి, ఆ తప్పు వెల్కోది కాదు, నాది అని చెప్పింది.

మించో ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నట్టున్నావే? ఆ అబ్బాయిని నేను నిలదీస్తుంటే?"

"ఉన్నాను."

"పక్క కుర్చీలో?"

"పక్క కుర్చీలోనే."

ఆమె చేతుల్లో బనిత్స ఇంకా వెచ్చగానే ఉంది. దాన్ని అతనికి ఇవ్వడానికి ఆమెకి చెయ్యి రాలేదు.