ఎల్బీనగర్ దీక్షా శిబిరంలో కోనసీమ గ్యాస్ బావి

టీవీలో ఒక కోస్తా నాయకుడు, "మీరు విడిపోతే గోదావరి గ్యాస్ మీకెవరిస్తారు?" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. ఆ గ్యాస్ ఆయనదెప్పుడైంది? ఈ దేశంలో చమురు కథ మొదటి నుంచీ ఒకటే. అస్సాం అడవుల్లో తొలి బావులు పడితే తెల్లదొరల కంపెనీ తోడుకుపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక మాత్రం బావి పక్కనున్న ఊరికి మిగిలిందేమిటి? ఈ మాట నేనంటే ఉపన్యాసం అవుతుంది. అందుకే గోదావరి తీరంలో తొలి గ్యాస్ బావుల మీద పనిచేసి రిటైరైన సూర్యనారాయణ గారిని, ప్రత్యేక రాష్ట్రం కోసం ఎల్బీనగర్‌లో నడుస్తున్న దీక్షా శిబిరానికి తీసుకెళ్లాను. కోనసీమ మనిషిని ఆ టెంటులో మాట్లాడనిస్తారా అన్నదే నా భయం. ఆయనదీ అదే.

సమ్మె వల్ల బస్సుల్లేవు. పదిన్నరకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఇంటి ముందు ఆటో మాట్లాడాను. మామూలు రోజుల్లో షేర్ ఆటోకి మనిషికి పది రూపాయలు. ఆ రోజు ఇద్దరికీ కలిపి ఎనభై. డ్రైవర్ యాదయ్యది నల్లగొండ వైపు. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర బత్తాయి లారీ అడ్డం రావడంతో ఆటో ఆపి, అద్దంలోంచి పెద్దాయన్ను చూశాడు.

"తాతా, గా టెంటు కాడికి ఆంధ్రోల్లు పోతరా ఎవరన్న? జర పైలం."

"పదిహేనేళ్ల నుంచి ఇక్కడే ఉంటున్నాను కదయ్యా."

"ఉండుడు వేరు, మైకు వట్టుడు వేరు."

దీనికి నా దగ్గర పెద్ద వాదనే ఉంది గానీ, లారీ కదిలింది.

టెంటులో యాభై మంది దాకా ఉన్నారు. సూర్యనారాయణ గారు నోరు విప్పగానే యాస గుర్తుపట్టి వెనక గొణుగుడు మొదలైంది. ఆయన మైకు పక్కన పెట్టి, భుజం మీది తువ్వాలు నేల మీద పరిచారు.

"అగ్గిపెట్టెలు ఇందులో వేయండి బాబూ. బావి దగ్గర గేటులోనే తీసేసుకునేవాళ్లం. ఎదుట ఎవరి జేబులోనైనా అగ్గిపెట్టె ఉందంటే నాకు మాట రాదు."

"ఈడ గ్యాస్ ఏడుంది తాతా? ఉన్నదంత మా లీడర్ల నోట్లనే," అన్నాడు ముందు వరుసలో బీడీ కాలుస్తున్నాయన. టెంటంతా నవ్వింది. ఆయన బీడీ ఆర్పి అగ్గిపెట్టె వేశాడు. వెనక నుంచి మరికొన్ని వచ్చి పడ్డాయి.

అప్పుడు చెప్పారు పెద్దాయన. "మొదట్లో గ్యాస్ పడితే పైపుల్లేవు, కొనేవాడు లేడు. గొట్టం నిలబెట్టి రాత్రింబవళ్లు గాల్లోకే కాల్చేశాం. ఊరంతా పట్టపగల్లా ఉండేది. మా అమ్మ ఆ వెలుగులోనే తడికట్టెలు ఊదుకుంటూ అన్నం వండేది."

టెంటు పక్కన పులిహోర కలుపుతున్న లక్ష్మమ్మ చెయ్యి ఆపింది. "పైపులేసినంక మీ ఊరికిచ్చిండ్రా మరి?"

"మా పొలాల్లోంచే పోయాయమ్మా. మా ఊళ్లో ఆగలేదు."

"అయితే నీది గూడ మా లొల్లే గద. కూసో, తిని పో."

రాష్ట్రం రాగానే అంతా మారిపోతుందని నేను నమ్మను. కొత్త దొరలు మొలవకుండా కాపలా కాయాల్సింది మనమే. కానీ కోనసీమ కడుపుమంటను ఎల్బీనగర్ కూర్చుని విన్నది. ఈ పోరాటం మనుషుల మీద కాదని ఇంకెలా రుజువు చేయాలి? శిబిరానికి వెళ్లేవాళ్లు పదకొండులోపే చేరండి, ఆ తర్వాత మనవాళ్లు రోడ్డు మీద బైఠాయిస్తే కొత్తపేట నుంచి నడకే. ఆటోలో వెనక ముగ్గురు పడతారు. మీ వీధిలో కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన ఉంటే ఆ మూడో చోటు ఆయనకివ్వండి.