ఆపమన్న మాట

అతని గొంతు మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. చినుకు పడగానే కింద నిలబడి "బట్టలు!" అని ఒక్క కేక వేశాడంటే నాలుగిళ్ళ వాళ్ళు మేడల మీదికి పరుగెత్తాల్సిందే. అలాంటి మనిషికి లోకం పెట్టిన పేరు ఉలకడు. మొదట్లో ఉలకడు-పలకడు అనేవారు. అంత పొడుగు పేరు పిలవడానికి బద్ధకమేసి సగానికి కోసేశారు. వెటకారం చెయ్యడానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా, వాళ్ళకి అదీ లేదు.

ఆ పేరు ఎలా అంటుకుందో తెలియాలంటే ముందు అతని పని తెలియాలి. కార్లను ట్రైలర్ మీదికి ఎక్కించి, చెప్పిన చోట భద్రంగా దించడం అతని పని. అందులోనూ స్పోర్ట్స్ కార్లు. వాటి పొట్టకీ నేలకీ మధ్య నాలుగు వేళ్ళు దూరితే గొప్ప. "ఇవి పరుగెత్తడానికి పుట్టాయంటారు గానీ, పాకడానికి పుట్టాయి," అంటాడు అతను. అలాంటి కారును ర్యాంపు ఎక్కించేటప్పుడు రెండు గండాలు. ర్యాంపు మొదట్లో మూతి నేలకి రాసుకుంటుంది. అది దాటితే, ర్యాంపు ట్రైలర్‌ను కలిసే అంచు మీద పొట్ట కూర్చుంటుంది. అందుకని చెక్కపలకలు పరిచి చక్రాలను ఎత్తులో నడిపించాలి. ఒక మనిషి నేల మీద బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, ఆ సందును చూస్తూ ఉండాలి. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి ఆ కాసేపు ఆకాశం తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి పడుకున్నవాడు "ఆపు" అన్నాక అంగుళం కూడా కదలకూడదు. ఆ పనికి ఉన్న చట్టం అదొక్కటే.

పదకొండేళ్ళ కిందట అతను ఒక పెద్ద రవాణా యార్డులో పనిచేసేవాడు. ఒకాయన ఎర్ర కారు తెచ్చి, తనే నడిపి ఎక్కిస్తానని పట్టుబట్టాడు. అద్దాలు బిగించుకుని, పాటలు పెట్టుకుని మరీ ఎక్కించాడు. కింద పడుకున్నది ఇతనే. "ఆపండి" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి గొంతు చించుకున్నాడు. కారు మూతి రెండు ముక్కలైంది. ఆయన దిగి వచ్చి, పగిలిన ముక్కను చేత్తో పట్టుకుని, "వీడు ఉలకలేదు, పలకలేదు," అన్నాడు.

పది అడుగుల దూరంలో యార్డు సూపర్‌వైజరు ఉన్నాడు. మూడు కేకలూ విన్నాడు. విని కూడా, ఏటా పాతిక కార్లు పంపే పెద్దమనిషితో తగువెందుకని తన బూట్లకేసి చూసుకుంటూ నిలబడ్డాడు. సాయంత్రానికల్లా ఇతని ఉద్యోగం ఊడింది. మర్నాటికల్లా పేరు పుట్టింది. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. అబద్ధపు పేరు అంటుకుంటే దాన్ని దేనితో తోమాలి?

ఒక్క మనిషి నమ్మింది. అతని భార్య. ఆవిడ అప్పుడు అక్కడ లేదు, కళ్ళతో చూడలేదు. అయినా గుమ్మంలో నిలబడి "మూడుసార్లు అన్నానే" అని అతను చెప్పగానే నమ్మేసింది. మళ్ళీ ఆ ఊసెత్తి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. వీధి చివర కొట్టువాడు "ఉలకడిగారి తాలూకా?" అని ఇకిలించినందుకు ఆ కొట్టు గడప తొక్కడం మానేసి, ఇప్పటికీ ఉప్పు కావాలన్నా రెండు వీధులు నడిచి వెళ్తుంది. అతను సొంతంగా పాత ట్రైలర్ ఒకటి సంపాదించుకున్నప్పుడు, కుట్టుమిషను మూలకి నెట్టి తనూ వెంట వచ్చింది. పలకలు పరవడం, పట్టీలు బిగించడం, విన్చి తిప్పి తాడుతో కారును లాగడం, అన్నీ నేర్చుకుంది. చేతులు కాయలు కాశాయి. ఇద్దరూ కలిసి ఎక్కించిన ఏ కారుకీ ఏళ్ళ తరబడి గీత పడలేదు.

అయినా అతని కడుపులో మంట చల్లారలేదు. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ ఎర్ర కారాయనతో మాట్లాడేవాడు. కడిగిపారేసేవాడు. ఒక్కోరోజు మాటల ధాటికి బుగ్గ తెగేది. "ఎవరితోనండీ పొద్దున్నే యుద్ధం?" అని భార్య వంటింట్లోంచి నవ్వేది. ఆవిడకి తెలుసు ఎవరితోనో.

ఒకనాడు పొద్దున పదింటికి, ఒక పెద్ద ఇంటి వెనకాల గ్యారేజీ ముందు ట్రైలర్ ఆపారు. లోపల బూడిద రంగు కారు. యజమాని తాళాలు చూపుడువేలికి తగిలించి గిరగిరా తిప్పుతూ వచ్చాడు. ఆ తిప్పడం చూడగానే అతనికి ఒళ్ళంతా భగ్గుమంది. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, కానీ ఆయనే.

ఆయన మాత్రం గుర్తుపట్టలేదు. ఇక్కడ ఒక మనిషి పదకొండేళ్ళుగా ఆయన్ని గుండెల మీద మోస్తూ తిరుగుతుంటే, ఆయనకి ఆ ముఖమే జ్ఞాపకం లేదు. అది అన్నిటికంటే ఎక్కువ మండించింది.

అయినా అతను పని సవ్యంగానే మొదలుపెట్టాడు. ఆ మాట ఒప్పుకోవాలి. ట్రైలర్‌ను పల్లంలోకి దించి, గ్యారేజీ ముందున్న మెరక మీదికి ర్యాంపు పడేలా నిలిపాడు. వేళ్ళతో సందు కొలిచాడు. భార్య పలకలు సర్ది, విన్చి కొక్కెం పట్టుకుని కారు దగ్గరికి రాబోయింది.

"ఆ కొక్కేలూ అవీ నా కారుకి తగిలించకండమ్మా," అన్నాడు యజమాని. "నేనే నడిపి ఎక్కిస్తాను. మీరు సందు చూస్తూ చెప్తే చాలు. కాకపోతే నోరు తెరిచి చెప్పాలి. వెనకటికి ఒకడున్నాడు లెండి. నా ఎర్ర కారు నుజ్జవుతుంటే కింద పడుకుని గుడ్లప్పగించి చూశాడు. నోట్లో నాలుక లేని వెధవ."

భార్య చేతిలో కొక్కెం అలాగే ఉండిపోయింది. భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఈయనేనా?"

"ఈయనే."

"ఈ పని మనకొద్దు. సర్దేసుకుని వెళ్ళిపోదాం పదండి."

"వద్దు. ఎక్కిద్దాం."

అతను యజమాని వైపు తిరిగాడు. "అద్దం పూర్తిగా దించండి. పాటలు పెట్టకండి. నేను ఆపమంటే ఆపాలి."

ఆయన బుద్ధిగా అద్దం దించాడు. అతను ఎడమ పక్కన బోర్లా పడుకున్నాడు. భార్య కుడి పక్కన, రెండు అడుగుల దూరంలో పలక జరగకుండా కాలితో అదిమి పట్టి నిలబడింది.

ముందు చక్రాలు ర్యాంపు ఎక్కాయి. మూతి నేలని తాకకుండా దాటింది. చక్రాలు ట్రైలర్ మీదికి చేరుతుండగా యజమానికి తొందర పుట్టింది. ఒక్కసారిగా ఇంజను రొద పెంచాడు. వెనక చక్రం జర్రున తిరిగి ఎడమ పలకను పక్కకి తన్నింది. పొట్ట అంచు మీదికి దిగుతోంది. మూడు వేళ్ళ సందు రెండు వేళ్ళయింది. రెండు ఒకటయింది.

ఆపు అన్న మాట అలవాటు కొద్దీ గొంతు దాకా వచ్చింది. అతను పళ్ళు బిగబట్టాడు.

కింద ఏదో చీలిన చప్పుడు. కారు అంచు మీద చతికిలబడింది, అటు రాదు, ఇటు రాదు. చీలికలోంచి నల్లటి నూనె ధార కట్టింది. ఎంత హాయిగా ఉందో అతనికి! పదకొండేళ్ళలో అంత హాయి ఎరగడు. ఇంకాసేపు అలాగే పడుకుని చూడాలనిపించింది.

యజమాని తలుపు తోసుకుని దూకాడు. "ఏమయ్యా, ఆపమని చెప్పవేం?"

అతను లేచాడు. చెంపకి అంటిన దుమ్ము నింపాదిగా తుడుచుకున్నాడు.

"చెప్పాను కదండీ. మూడుసార్లు చెప్పాను. మీరే వినిపించుకోలేదు."

"అబద్ధం! అద్దం దించే ఉంది. నాకు చెవులు లేవా?"

"ఏమో మరి."

యజమాని గిర్రున అతని భార్య వైపు తిరిగాడు. "అమ్మా, మీరు పక్కనే ఉన్నారు. నిజం చెప్పండి. ఈయన ఆపమన్నాడా?"

ఆవిడ భర్తకేసి చూసింది. అతని ముఖం ఎప్పుడూ చూసే ముఖంలాగే ఉంది. కారుతున్న నూనెకేసి చూసింది. తర్వాత తలెత్తింది.

"అన్నారండీ," అంది. "మూడుసార్లు అన్నారు. నేను విన్నాను."

"కాదు... అది కాదు..." అని యజమాని తడబడ్డాడు. తను చెప్పేది నిజమని తనకి తెలిసి, దాన్ని నమ్మే నాథుడు లేక నిలబడడం ఎలా ఉంటుందో ఆయన ముఖంలో అక్షరం పొల్లుపోకుండా కనిపించింది. అతను ఆ ముఖాన్ని తనివితీరా చూశాడు. అప్పుడు దగ్గరికి వెళ్ళి, "ఆ నాలుక లేని వెధవను నేనేనండీ," అన్నాడు మెల్లగా.

కారును జాకీలతో ఎత్తి, విన్చితో వెనక్కి దించేసరికి గంట పట్టింది.

తిరుగు దారిలో మాత్రం అతను ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. యజమాని మాట తడబడడం అనుకరించి చూపించాడు, తన ముక్తాయింపు మాట తనే మళ్ళీ చెప్పుకుని పగలబడి నవ్వాడు. ఈ సంగతి వెళ్ళి యార్డు సూపర్‌వైజరుకి చెప్పి రావాలన్నాడు. భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"ఏమండీ," అంది.

"ఊఁ, చెప్పు."

"అప్పుడు... ఆ ఎర్ర కారప్పుడు, నిజంగానే ఆపమన్నారా?"

అతనికి నవ్వు ఆగిపోయింది. బండి రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు.

"అన్నానే. మూడుసార్లు అన్నాను."

అదే గొంతు. ఇందాక గ్యారేజీ ముందు పలికిన గొంతు ఎంత నిబ్బరంగా ఉందో ఇదీ అంతే నిబ్బరంగా ఉంది. ఇంకోలా చెప్పి చూద్దామనుకున్నాడు. నిజం చెప్పడానికి వేరే గొంతు ఎక్కడి నుంచి తేవాలో తెలియలేదు.

"నీ మీద ఒట్టు," అన్నాడు చివరికి, ఆవిడ తల మీద చెయ్యి పెట్టి.

ఆవిడ అతని చేతిని నెమ్మదిగా తన తల మీంచి తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"ఒట్లెందుకండీ," అంది. "ఇందాక నేనూ అంతే గట్టిగా చెప్పాను కదా, విన్నానని."