వెనక్కి తిరిగిన హంస

తొంభైలలో ఒక ముసురు ఉదయం, అత్తిబెలె బస్సులో నా పక్కన పట్టుచీరల అంచులకు బొమ్మలు గీసే ఆయన కూర్చున్నాడు. ముందు సీటులో ఒకామె. ఆమె కొంగు కిటికీ గాలికి ఎగురుతుంటే అంచులోని హంసలు నిజంగానే ఈదుతున్నట్టున్నాయి.

"నేను గీసిన అంచే అప్పా అది. ఆ వెనక్కి తిరిగిండే హంస నా గుర్తు. మిల్లువాడు చవక చీరలమీద నకలు తీస్తా దాన్నీ వదల్లేదు," అన్నాడాయన మెల్లగా. "వాణ్ణి అడిగేకే పోతా ఉండాను."

కాటన్‌పేట బట్టల అంగళ్లలో పెరిగినవాణ్ణి, ఊరుకుంటానా? "చీరకింత అని పట్టుబట్టన్నా. సాక్ష్యం కళ్లముందే ఉండాది!" అంటూ పరాయి సొమ్ముకు బేరం మొదలుపెట్టాను.

ఆమె విన్నదో ఏమో, ఇటు తిరిగింది. "పట్టుది కొనేకి నాకు యాడయితాది అన్నా? ఇది దొరికింది. బాగుండాదా?"

ఆయన ఆ అంచును చాలాసేపు చూశాడు. "శానా బాగుండాదమ్మా. కొంగు లోపలికి తీసుకో, వానకు తడుస్తాది."

అత్తిబెలెలో ఆయన లేచాడు. "ఆమెతో బాగుండాదనేసి, ఇంక మిల్లువాణ్ణి ఏమడుగుతావన్నా?" అన్నాను.

"అడక్కుండా ఎట్లప్పా? గీసింది నేను గదా," అంటూ తుంపరలోకి దిగిపోయాడు.

ఇప్పటికీ ఏ చీర చూసినా అసలో నకలో నా బేరగాడి కన్ను ఇట్టే పట్టేస్తుంది. నోరు మాత్రం బాగుందనే అంటుంది.