నీలిమందు దారం

మద్రాసు రాయపురంలో మా తాత కాలం నుంచి మాది బోర్డులు రాసే ఇల్లు. రేకుకు తెల్లరంగు కొట్టి, ఆరాక, నీలిమందు పొడి రాసిన దారాన్ని బిగపట్టి టప్పున వదిలితే తిన్నని గీత పడుతుంది. ఆ గీత లేకుండా నేను ఏనాడూ అక్షరం ముట్టుకోలేదు.

ఫ్లెక్సీలు వచ్చి సగం పని తినేశాయి. మిగతా సగం నా కుడిచెయ్యి తినేసింది. రెండేళ్లుగా వణుకు. మాత్రలతో అదుపులో ఉంటుందిగానీ పూర్తిగా పోదన్నాడు డాక్టరు. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెయ్యి వణికే పెయింటరు గడప ఎవడు తొక్కుతాడు? నలుగురిలో అన్నం తినడం కూడా మానేశాను.

చేపల రేవు దగ్గర పాత గోదాములో బొమ్మలు వేసే ఒక హాలెండు దొరసానికి, కాన్వాసులకు తెల్లరంగు కొట్టే మనిషి కావాలన్నారు. తెల్లరంగుకు వణుకేం అడ్డం అని చేరిపోయాను. మధ్యాహ్నం మా ఆవిడ క్యారియరు తెస్తే గోడవైపు తిరిగి తినేవాణ్ణి.

బొమ్మలంటే చెట్టూ మనిషీ అనుకునేరు. దొరసాని పడవలకు వేసే నీలం ఎనామెల్ డబ్బా ఎత్తి కాన్వాసు మీద కుమ్మరించేది. ఆ వెంటనే చీపురుతో ఒక్క ఈడ్పు. ముందుగా ఏమీ అనుకోదట, చెయ్యి ఎటు పోతే అటేనట. నాకు ఒళ్లు మండిపోయేది. ఇదీ ఒక పనేనా!

ఒకరోజు ఆరు పెద్ద కాన్వాసులు సిద్ధం చెయ్యమంది. తెల్లరంగు కొట్టి, ఆరాక, అలవాటు కొద్దీ ఆరింటికీ దారం వేసేశాను. వేశాకగానీ నేను చేసిన ఘనకార్యం తెలిసిరాలేదు. తడిగుడ్డతో తుడవబోతే నీలం మరకలు వంకరటింకరగా పాకాయి. కంగారులో చెయ్యి మరీ వణికింది. సరిగ్గా అప్పుడే దొరసాని లోపలికి వచ్చింది. ఉద్యోగం పోయిందనుకుని, వణుకు సంగతి సహా అన్నీ కక్కేశాను.

ఆవిడ మరకల్నీ నా చేతినీ మార్చి మార్చి చూసింది. వచ్చీరాని తమిళంలో తన కథ చెప్పింది. ఇరవై ఏళ్లు వంతెనల నక్షాలు గీసిందట. ఒక ఉదయం స్కేలు తీసుకోబోతే చెయ్యి రానంది. ఆ తర్వాత మళ్లీ స్కేలు ముట్టుకోలేదట.

"అయిదు నాకు. ఇది నీకు," అని ఒక కాన్వాసు నా వైపు జరిపింది. "దారం వద్దు."

కుంచె ముంచాను. చెయ్యి వణికింది, గీత వణికింది, నేను ఆపలేదు. నీలం పక్కన ఎరుపు, దాని పక్కన పసుపు. ఎన్నాళ్ల తర్వాతో రంగు నా మాట విన్నట్టనిపించి ఏడుపొచ్చింది.

మా ఆవిడ క్యారియరుతో వచ్చి, కాన్వాసు ముందు నిలబడిపోయింది.

"ఇదేందయ్యా, అచ్చం నీ చెయ్యి మాదిరే ఉండాదే!" అంది. "ఈడనే కూచుని తిను, చూస్తా ఉంటే బాగుండాది."

దొరసాని కూడా తన రొట్టె తెచ్చుకుని కూర్చుంది. నేను వాళ్లిద్దరి వైపు తిరిగి కూర్చుని సాంబారన్నం కలుపుకున్నాను. మెతుకులు రాలాయి. రాలనీ అనుకుని, రెండోసారి కూడా వడ్డించమన్నాను.