తదితరులలో నేనొక్కదాన్నే

ఆ రోజుల్లో మనిషి పేరు మైకులో వినపడాలంటే మూడే దారులుండేవి. ఎన్నికల్లో నిలబడాలి, జాతరలో తప్పిపోవాలి, లేదంటే స్కూలు బ్యాండులో చేరాలి. మొదటిదానికి నాకు వయసు చాలలేదు. రెండోది భద్రాచలంలో ముక్కోటి నాడు ఒకసారి ప్రయత్నించాను గానీ, మైకు దాకా చేరకముందే మా అమ్మ పట్టుకుంది. వీపు మోతే తప్ప మైకు మోత లేదు. ఇప్పుడు ఎవరి ఫోనులో వాళ్లు తమ పేరు రోజుకు వందసార్లు చూసుకుంటున్నారు కాబట్టి, ఆ కరువు ఎలాంటిదో చెప్పినా నమ్మరు. అందుకే మూడో దారిలో వెళ్లాను. ఆ దారిలో నాకు జరిగిన అన్యాయం మాత్రం పాతికేళ్లయినా మర్చిపోలేదు, మర్చిపోను.

మాది పాల్వంచ. నాన్నకు కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కాలనీ పక్కనున్న మా హైస్కూలుకు పద్నాలుగు మంది ఆడపిల్లల బ్యాండు ఉండేది. దాన్ని నడిపేది డ్రిల్లు సారు. ఆయనకు వచ్చిన బాణీ ఒక్కటే. ముఖ్య అతిథి వచ్చేటప్పుడు మెల్లగా, పోయేటప్పుడు జోరుగా వాయించేవాళ్లం (ఆ జోరు చూసి ఒకరిద్దరు అతిథులు నొచ్చుకున్న మాట నిజం). నాకు దక్కింది ట్రయాంగిల్. మూడు మూలలుగా వంచిన సన్న కడ్డీ, దారానికి వేలాడుతుంది, పుల్లతో కొడితే టింగ్ అంటుంది. బాణీ మొత్తంలో నా వంతు నాలుగు టింగులు. నాలుగోది పెద్ద డోలు మోతలో కలిసిపోయేది కాబట్టి నిజానికి మూడే. ఆ డోలు వాయించిన పిల్లను నేను ఇంతవరకు క్షమించలేదు (ఆ సంగతి దానికి తెలియదు. మొన్న ఒక పెళ్లిలో కనపడి ఆప్యాయంగా వాటేసుకుంది కూడా).

పదో తరగతిలో, మార్చి మొదట్లో, ప్రార్థన అయ్యాక డ్రిల్లు సారు బ్యాండు వాళ్లకు సంవత్సరాంతపు ప్రకటనలు చదివారు. డ్రెస్సులు ఉతికి, ఇస్త్రీ చేసి, కలరా ఉండలు వేసి ట్రంకు పెట్టెలో అప్పగించాలి. తెల్లబూట్లకు పూసుకునే సుద్దముక్క ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, క్లాసురూముల్లో ఎత్తుకురాకూడదు. వార్షికోత్సవం నాడు వేదిక మీదనుంచి బ్యాండు పిల్లల పేర్లు మైకులో చదువుతారు. ఆ పేర్లు కూడా నమూనాగా అప్పుడే చదివారు. పెద్ద డోలుతో మొదలుపెట్టి పదమూడు పేర్లు వరసగా వచ్చాయి. పద్నాలుగోది నాది కావాలి. ఆయన గొంతు సవరించుకుని "తదితరులు" అని కాగితం మడిచారు. నేను కుడిపక్క చూశాను, ఎడమపక్క చూశాను. వాళ్లందరి పేర్లూ అయిపోయాయి. తదితరులలో మిగిలింది నేనొక్కదాన్నే.

మామూలుగా అయితే ఒకటి రెండు ఫిర్యాదులతో సరిపెట్టేదాన్ని. కానీ ఆ వార్షికోత్సవానికి మా నాయనమ్మ కిన్నెరసాని అవతల ఊరినుంచి వస్తోంది. ఆమె కళ్లకు పొరలు కమ్మి, మనుషులను గొంతులను బట్టి, కోడళ్లను గాజుల చప్పుడును బట్టి గుర్తుపట్టేది. "నువ్వేం వాయిస్తవో నాకు కనపడదు బిడ్డా. మైకుల నీ పేరు జదువుతరంట గదా, గది ఇంటే సాలు," అంది. వాళ్ల వాడంతా చెప్పుకుని మరీ బయలుదేరుతోంది. అంత దూరం వచ్చి ఆమె వినేది తదితరులు అయితే నేనేం కావాలి?

డ్రిల్లు సారు దగ్గరికి వెళ్లాను. "సార్, తదితరులంటే ఎంతమంది?"

"ఎంతమందుంటే గంతమంది."

"నేనొక్కదాన్నే ఉన్న సార్."

"ఇంకా మంచిది. లొల్లి లేదు."

"నా పేరు రాస్తే అయిపోతుండె గదా సార్."

"టైపు కొట్టించినం బిడ్డా, పేజీ అయిపోయింది. గిది సామాన్ల బరువును బట్టి రాసిన లిస్టు. పెద్ద డోలు పైన, నీ టింగు కింద. బరువు లేనోళ్లు కిందికే పోతరు."

నా పేరు మూడు అక్షరాలు. తదితరులు అయిదు. మూడు పట్టని పేజీలో అయిదు ఎలా పట్టాయో ఆ సారు చెప్పలేదు, నేనూ వదల్లేదు. తెలుగు టీచరమ్మకు చెప్పుకున్నాను. ఆమె శ్రద్ధగా విని, "తత్ ప్లస్ ఇతరులు, తదితరులు. జశ్త్వ సంధి. మంచి పదం, పరీక్షల రావచ్చు," అంది. గోడు చెప్పుకోవడానికి పోయి సంధి నేర్చుకుని వచ్చాను. ప్రీఫైనల్లో ఆమె ఆ ప్రశ్న ఇచ్చింది కూడా. జవాబు తెలిసీ ఖాళీగా వదిలేశాను. రెండు మార్కులు పోయాయి, పంతం నిలిచింది. హెడ్మాస్టరు గారికి రెండు పేజీల అర్జీ రాసుకుంటే, ఆయన మూలన "తగు చర్య నిమిత్తం" అని రాసి డ్రిల్లు సారుకే పంపారు. డ్రిల్లు సారు దాన్ని మడిచి, ఊగుతున్న బల్లకాలు కింద పెట్టారు. తగు చర్యే, బల్ల ఊగడం ఆగింది.

ఇక మిగిలింది బరువు. లిస్టు బరువును బట్టి అన్నారు కదా అని మా మేనమామ వెల్డింగు షాపుకు వెళ్లి, ఇంతలావు ఇనుప కడ్డీతో ట్రయాంగిల్ చేయమన్నాను. "మెడల ఏసుకుంటవా, మేకను కట్టేస్తవా?" అని అడిగి, మామ నాలుగు కిలోల దాన్ని చేసి ఇచ్చాడు. మర్నాడు రెండో పీరియడులో రిహార్సలు. మొదటి టింగు వేశాను. అది టింగు కాదు, ఠంగుమంది. మా స్కూలు గంట కూడా చెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్కే కావడంతో రెండింటికీ తేడా లేకపోయింది. అయినా బాణీ ప్రకారం మిగతా మూడు కూడా కొట్టాను, నా వంతు నేనెందుకు వదులుకుంటాను? ఆరో తరగతి సంచులు సర్దుకుంది. వాచ్‌మన్ గేటు మూసేలోపు సగంమంది బస్టాండు దాటారు. డ్రిల్లు సారు స్కూటరు మీద తిరిగి తిరిగి వాళ్లను పట్టుకొచ్చి, రొప్పుతూ నా ముందు నిలబడ్డారు.

"ఇప్పుడు నాది డోలు కన్నా బరువుంది సార్," అన్నాను.

"బరువు నీకు గాదమ్మా, నాకు," అని దాన్ని లాక్కున్నారు. పాత సన్న కడ్డీ మళ్లీ నా చేతికొచ్చింది.

వార్షికోత్సవం సాయంత్రం నాయనమ్మ అందరికన్నా ముందొచ్చి, వేదిక దగ్గర కాదు, మైకు డబ్బా కట్టిన స్తంభం పక్కన కుర్చీ వేయించుకుంది. అమ్మ ఎంత పిలిచినా రాలేదు. "నాకు జూసేదేమున్నది, ఇనేదే గదా," అంది. బ్యాండు వరసలో చివర నిలబడి ఆమెనే చూస్తున్నాను. డ్రిల్లు సారు పేర్లు మొదలుపెట్టారు. ఒక్కో పేరుకు ఒక్కో ఇంటివాళ్లు చప్పట్లు కొడుతున్నారు. ప్రతి పేరుకూ నాయనమ్మ మెడ ముందుకు చాచుతోంది, మళ్లీ వెనక్కి వాలుతోంది. పదమూడూ అయ్యాయి. "తదితరులు," అన్నారు సారు. ఎవరూ కొట్టలేదు, తదితరులకు ఎవరు కొడతారు? నాకేం చేయాలో తోచలేదు. చేతిలో ఉన్నదాన్ని గట్టిగా కొట్టాను.

టింగ్.

ఆ నిశ్శబ్దంలో అది మైదానమంతా వినపడింది. డోలు తోడు లేకుండా ఒంటరిగా మోగిన టింగు నా జీవితంలో అదొక్కటే. మైకు డబ్బా కింద నాయనమ్మ రెండు చేతులెత్తి చప్పట్లు కొట్టింది, ఒక్కతే.

ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో నా చెయ్యి వదల్లేదు. "ఇన్ననే బిడ్డా. పేరు జదవంగనే నువ్వు మోగిస్తివి. తదితరులు. ఎంత పెద్ద పేరే. ఇంట్ల ఇంత చిన్నది పెట్టిండ్రు, బడిల మంచిది రాయించిన్రు." అది నా పేరు కాదని చెప్పబోయాను. అమ్మ తొడ మీద గిచ్చింది (ఆ గిచ్చుడు కూడా నా లెక్కలో ఉంది).

నాయనమ్మ ఆ వేసవంతా మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున టీ తాగుతూ నాన్న పేపరులో జిల్లా పేజీ చదివి వినిపించేవాడు. మొదటిరోజు వైరాలో కాలువ పనుల పరిశీలన. పెద్దమనుషుల పేర్లు చదివి "తదితరులు పాల్గొన్నారు," అన్నాడు. నాయనమ్మ గ్లాసు కింద పెట్టింది.

"పిల్ల నిన్న ఇంట్లనే ఉన్నట్టుంది గదరా. వైరా ఎప్పుడు పోయింది?"

నాన్న ఒక్క క్షణం నన్ను చూసి, "పొద్దున బస్సుకు పోయొచ్చింది," అన్నాడు. ఆయనకు అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ తర్వాత నేను రక్తదానం చేశాను, కల్వర్టు ప్రారంభించాను, రైతుల ధర్నాలో కూర్చున్నాను, ఎవరో పెద్దాయనకు సంతాపం కూడా తెలిపాను. వీధిలో నాయనమ్మ గొంతు వినపడేది: "ఒక్క దినం ఖాళీ ఉండదమ్మా దానికి. గింత పిల్లను పిలవంది ఏ పనీ షురూ జెయ్యరు." వెళ్లి నిజం చెప్పేద్దామని రోజూ అనుకునేదాన్ని. నాది కాని గొప్ప నాకెందుకు, నా పేరే నాకు కావాలి.

ఒకరోజు ట్యూషనునుంచి వస్తుంటే నాయనమ్మ గేటు పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. నా చెప్పుల చప్పుడు వినగానే దగ్గరికి లాక్కుని ముఖం తడిమింది, మణికట్లు తడిమింది.

"కొట్టిన్రా బిడ్డా?"

"ఎవరు?"

"పోలీసోళ్లు. పేపర్ల వచ్చింది గదా, పేకాటల దొరికిండ్రని. మీ నాయిన సదువుతా సదువుతా మధ్యల ఆపిండు, నేను ఇననే లేదనుకున్నడు. తదితరులను గూడ పట్టుకపోయిండ్రంట. నీకెందుకే ఆ పేకాట?"

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. మూడు అక్షరాలు చెబితే చాలు, వివాదం తీరిపోయేది. ఆమె బొటనవేలు ఇంకా నా మణికట్టు మీద తిరుగుతూనే ఉంది.

"ఇగ ఆడను, నాయినమ్మ," అన్నాను.

"ఒట్టేనా?"

"అవ్. ఒట్టు."

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు ఖమ్మంలో ఉద్యోగం, ఖానాపురం హవేలిలో ఇల్లు, షేర్ ఆటో వాళ్లతో రోజూ తగువు. మా స్కూల్లో ఆ నాలుగు కిలోల ట్రయాంగిలే ఈ రోజుకీ గంటగా మోగుతోందట (చేయించినవారి పేరు ఎక్కడా రాయలేదు. రెండుసార్లు ఉత్తరం రాశాను). మొన్న మార్చిలో పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో బ్యాండు వార్షికోత్సవం ప్రకటన వచ్చింది. డ్రెస్సులు ఇస్త్రీ చేసి అప్పగించాలి, బూట్లు తెల్లగా ఉండాలి. కింద సన్మానం అందుకోబోయే పాత బ్యాండు సభ్యుల పేర్లు. పెద్ద డోలు పిల్ల పేరు అందరికన్నా పైన. నేను చివరిదాకా చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, వెంటనే స్కూలుకు ఫోన్ చేశాను. ఇప్పటి డ్రిల్లు సారు కుర్రాడే, మర్యాదగా మాట్లాడాడు.

"మీ ప్రకటనలో నా పేరు తప్పు పడింది. చివర్లో 'లు' ఉండాలి, 'ల' అని కొట్టారు. కొమ్ము ఎగిరిపోయింది. సరిచేసి మళ్లీ పెట్టండి," అన్నాను.

ఆయన కాసేపు వెతికాడు. "మేడం, ఇందుల మీ పేరు కనపడ్తలేదు."

"ఉంది, సరిగ్గా చూడండి," అన్నాను. "అందరికన్నా చివర."