బాలింతలను వెంటబెట్టుకుపోయిన ఎదురింటామె

ఎదురింటామె పోయిందన్న కబురు మా కోడలే వంటింట్లోకి వచ్చి చెప్పింది. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి నా ముందు ఆమె కంటతడి పెట్టింది లేదు. ఉన్నది రాయాలి గనుక రాస్తున్నాను: దుఃఖం కన్నా ముందు నాకు అసూయ కలిగింది.

కాశిబుగ్గలో మా వీధికి మా పక్క మేడలు, ఎదుటి పక్క రేకుల ఇళ్ళు. ఆమె అటువైపు మనిషి. మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. మధ్యాహ్నం కాగానే ఆ వైపు బాలింతలందరినీ అంగన్‌వాడీకి తీసుకుపోయేది. అక్కడ అన్నం, గుడ్డు, పాలు పెడతారు. ఇంటికివ్వరు, కూర్చుని తినాలి. మేడల వైపు నుంచి ఎవరూ వెళ్ళరు.

మా కోడలి కాన్పు పెద్ద ప్రైవేటు దవాఖానలో జరిగింది. ఇంటికి పంపాక అక్కడి నుంచి పలకరించినవారు లేరు. పాలు చాలక పసిది చిక్కిపోతుంటే డబ్బాపాలు రాశారు. అవీ పడలేదు.

ఒకనాడు నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి తల్లీబిడ్డా ఇంట్లో లేరు. ఎదురింటామె తీసుకుపోయిందట. మా ఇంటి పిల్ల అక్కడ పళ్ళెం పట్టడమేమిటని, నెయ్యన్నం, ఎల్లిగడ్డ కారం క్యారియర్‌లో సర్దుకుని బయలుదేరాను. కోడలు అందరితోపాటు బంతిలో కూర్చుని ఉంది. బిడ్డను ఎట్లా పట్టుకోవాలో అక్కడికొచ్చిన నర్సు చూపిస్తోంది. పసిది గుటకలు వేస్తోంది. నేను నోరు తెరవకముందే ఎదురింటామె క్యారియర్ అందుకుని అందరికీ వడ్డించింది.

"అక్క మీకోసం కారం తెచ్చింది, తినుండ్రి. ఆమె మొఖం జూసి బెదరకుండ్రి, చెయ్యి మంచిది."

బాలింతలు నవ్వారు. అందరికన్నా గట్టిగా మా కోడలు నవ్వింది. మా ఇంట్లో నేను వినని నవ్వు అది.

మర్నాటి నుంచి నా పేరు చెక్కిన పెద్ద క్యారియర్ పంపుతూ వచ్చాను. కారం ఆమె చేసిందని ఎవరూ అనుకోకూడదు కదా. పసిది ఒళ్ళు చేసింది. ఆ బుగ్గలు ఆమె చలవే, కాదనను. అయినా ఒకసారి గేటు దగ్గర నిలదీశాను, మా పిల్లకు మేము లేమా అని.

"మీ ఇంట్ల అన్ని ఉన్నయక్కా. ఆ పిల్లకు ఏడ్వనీకే జాగ లేదు."

ఆ తర్వాత ఆమె కనబడితే గేటు మూసేసేదాన్ని, క్యారియర్ మాత్రం ఆపలేదు.

బాలింతలు చావింటికి పోకూడదు. పాడె లేచినప్పుడు రేకుల ఇళ్ళ గడపల్లో వాళ్ళంతా బిడ్డలను కొంగుల్లో కప్పుకుని నిలబడ్డారు. మేడల వైపు మా కోడలు ఒక్కతే. డప్పుల చప్పుడు మలుపు దాటినా ఎవరూ లోపలికి పోలేదు. కోడలు వీధి అవతలి గడపలనే చూస్తూ పసిదాన్ని జోకొడుతోంది. నేను ఆమె వెనక నిలబడి ఉన్నాను.